హైస్కూల్లో ఇంగ్లిష్ పోయెమ్ చెప్పడం: మొదటి చదువు నుంచి పరీక్ష జవాబు దాకా

సిమిలీ (ఉపమ) అంటే ఏమిటని అడిగితే గడగడా అప్పజెప్పే పిల్లలే, పోయెమ్‌లో అది ఎక్కడుందో చూపించమంటే గైడు వైపు చూస్తారు. చూపించగలిగినవాళ్లు కూడా, అది అక్కడ ఎందుకుందో చెప్పమంటే ఆగిపోతారు. తప్పు పిల్లల ఇంగ్లిష్‌ది ఒక్కటే కాదు. మనం చెప్పే వరుసది కూడా. పేర్ల జాబితా ముందు నడుస్తోంది, పోయెమ్ దాని వెనక నడుస్తోంది.

ఇక్కడ ఆ వరుసను తిరగేస్తున్నాం. ముందు చెవి, తర్వాత అర్థం, ఆ తర్వాత అలంకారం చేసే పని, అన్నిటికన్నా చివర దాని పేరు.

మన పిల్లలకు ఒక సౌకర్యం ఉంది, దాన్ని వాడుకునే ఇంగ్లిష్ టీచర్లు తక్కువ. ఉపమ, రూపకం, అతిశయోక్తి, వృత్త్యనుప్రాస వాళ్లు తెలుగు పీరియడ్‌లో చదువుకునే ఉంటారు. అంటే సగం పాఠం ముందే వచ్చు. ఆ సగం ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ దారి తప్పిస్తుందో టీచరుకు తెలిసి ఉండాలి.

ఉదాహరణలకు ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి ఇంగ్లిష్ పుస్తకం 'ఫస్ట్ ఫ్లైట్'లోని చిన్న పోయెమ్‌లు తీసుకున్నాం: రాబర్ట్ ఫ్రాస్ట్ 'డస్ట్ ఆఫ్ స్నో', 'ఫైర్ అండ్ ఐస్', కార్ల్ శాండ్‌బర్గ్ 'ఫాగ్'. మీ సిలబస్ వేరైనా పద్ధతి మారదు.

1. క్లాసుకు వెళ్లే ముందు

పోయెమ్‌ను గొంతెత్తి కనీసం ఐదుసార్లు చదవండి. మనసులో చదువుకుంటే ఎక్కడ తడబడతారో తెలియదు. ఆ తడబాటు మొదటిసారి 40 మంది ముందు బయటపడకూడదు.

తర్వాత ఒక కాగితం మీద ఇవి రాసుకోండి:

☐ ఇందులో వాక్యాలు ఎన్ని? పాదాలు కాదు, వాక్యాలు. 'డస్ట్ ఆఫ్ స్నో'లో 8 పాదాలు, 34 మాటలు, కానీ వాక్యం ఒక్కటే. అసలు క్రియ ఐదో పాదంలో గాని రాదు.
☐ పిల్లలకు బొత్తిగా తెలియని మాటలు ఏవి? ఐదుకు మించి బోర్డెక్కించకండి.
☐ తెలిసినట్టే కనిపించి మోసం చేసే మాటలు ఏవి? ఇవి తెలియని మాటలకన్నా ప్రమాదం.
☐ ఈ పోయెమ్‌కు ప్రాణమైన అలంకారాలు ఏ రెండు? రెండే. గైడులో ఎనిమిది రాసి ఉండవచ్చు, మీకు అనవసరం.
☐ మీకే వెంటనే జవాబు తట్టని ప్రశ్న ఒకటి.

మూడో అంశం గురించి కాస్త. 'డస్ట్ ఆఫ్ స్నో' చివరి మాట 'రూడ్' అంటే విచారించిన, నొచ్చుకున్న అని. పిల్లల చెవికి అది మొరటుతనానికి వాడే 'రూడ్' లాగే వినిపిస్తుంది, ఎందుకంటే రెండూ ఒకేలా పలుకుతాం. స్పెల్లింగ్ వేరని బోర్డు మీద పక్కపక్కన రాసి చూపించేదాకా 'కవి ఆ రోజు రూడ్‌గా ప్రవర్తించాడు' అనే జవాబులు ఆగవు. 'డస్ట్' అంతే. ఇక్కడ అది దుమ్ము కాదు, పొడి. రాలిన మంచు పొడి.

2. పీరియడ్ల లెక్క

పది పాదాల లోపు పోయెమ్‌కు 40–45 నిమిషాల పీరియడ్లు నాలుగు చాలు.

మొదటిది: వినడం, చదవడం, రైమ్.
రెండోది: వాక్యం, అర్థం, మాట్లాడుతున్నది ఎవరు.
మూడోది: అలంకారాలు.
నాలుగోది: పిల్లలు రాయడం, జవాబు దిద్దడం.

సిలబస్ తరుముతుంటే రెండు, మూడు కలపండి. మొదటి పీరియడ్‌ను మాత్రం కుదించకండి. అందరూ కోసేసేది దాన్నే, ఆ లోటు మిగిలిన మూడింటిలోనూ కనిపిస్తుంది.

3. మొదటి పీరియడ్: చెవికి పట్టించడం

3.1 మూడు చదువులు

మొదటి చదువుకు పుస్తకాలు మూసి ఉండాలి. మీరు చదువుతారు, వాళ్లు వింటారు. అయ్యాక ఒకే ప్రశ్న: 'ఏ మాట చెవిలో మిగిలింది?' తప్పొప్పులు లేవు. వచ్చిన మాటలు బోర్డు మీద రాయండి.

రెండో చదువుకు పుస్తకాలు తెరిచి, వేలు పెట్టి అనుసరించాలి. మూడో చదువు పిల్లలది. పాదానికి ఒకరు చొప్పున కాదు, వాక్యానికి లేదా అర్థం తెగే చోటికి ఒకరు చొప్పున. పాదానికొకరు చదివితే, పాదం అయిపోతే మాట అయిపోయిందనే అలవాటు గట్టిపడుతుంది.

ఈ అలవాటు మాన్పించడానికి తెలుగు పద్యమే మందు. ఉత్పలమాలలోనో చంపకమాలలోనో పాదం చివర పదం సగంలో విరిగి, మిగతా సగం తర్వాతి పాదంలోకి వెళ్లడం వాళ్లు చూశారు. అక్కడ ఆగకుండా చదవడం తెలుగు సార్ దగ్గర నేర్చుకున్నారు. 'ఇక్కడా అంతే' అంటే చాలు. ఎంజాంబ్‌మెంట్ అనే పేరు రెండు రోజుల తర్వాత చెప్పినా నష్టం లేదు.

3.2 చప్పట్లతో తాళం

తెలుగు ఛందస్సులో లఘువు, గురువు పలికే కాలాన్ని బట్టి ఉంటాయి. ఇంగ్లిష్‌లో లెక్క కాలానిది కాదు, ఊనికది. ఏ అక్షరం మీద గొంతు నొక్కుతాం అన్నదే తాళం. గణ విభజన బాగా వచ్చిన పిల్లలు ఇంగ్లిష్ పాదానికి కూడా యు, గీత గుర్తులు పెట్టి దీర్ఘాలన్నీ గురువులంటారు. మొదటి రోజే ఈ తేడా చెప్పాలి.

'డస్ట్ ఆఫ్ స్నో'లో పాదానికి రెండేసి చప్పట్లు. 'ద వే అ క్రో' అన్నప్పుడు 'వే' మీద ఒకటి, 'క్రో' మీద ఒకటి. 'ఫ్రమ్ అ హెమ్‌లాక్ ట్రీ'లో 'హెమ్' మీద, 'ట్రీ' మీద. 'ఆఫ్ అ డే ఐ హ్యాడ్ రూడ్'లో మాటలు ఆరున్నా చప్పట్లు రెండే: 'డే', 'రూడ్'. ఎనిమిది పాదాలకు మొత్తం 16 చప్పట్లు. క్లాసంతా కలిసి రెండుసార్లు కొడితే, వివరణ లేకుండానే పోయెమ్ నడక పట్టుబడుతుంది.

ఇక్కడొక చిక్కు. మనం మాట చివర 'ఉ' చేర్చి 'హార్టు', 'పార్టు', 'డస్టు' అంటాం. ఒక అక్షరం ఉండాల్సిన చోట రెండవుతాయి, చప్పట్ల లెక్క తప్పుతుంది. చివరి హల్లును పొల్లుగా ఆపడం రెండు నిమిషాలు సాధన చేయించండి. ఆ రెండు నిమిషాలు స్పోకెన్ ఇంగ్లిష్‌కు కూడా పనికొస్తాయి.

3.3 రైమ్ స్కీమ్: తెలుగు లిపితో తేల్చండి

తెలుగులో రాసినట్టే పలుకుతాం. అందుకే మన పిల్లలు రైమ్‌ను కంటితో వెతుకుతారు. ఇంగ్లిష్‌లో అది పనిచేయదు. 'హార్ట్', 'పార్ట్' స్పెల్లింగులు వేరు, రైమ్ కుదిరింది. 'స్నో', 'నౌ' చివర ఒకే అక్షరాలు, రైమ్ కుదరలేదు.

పరిష్కారం చాలా తేలిక. ప్రతి పాదంలో చివరి మాటను బోర్డు మీద తెలుగు లిపిలో రాయించండి:

క్రో – మీ – స్నో – ట్రీ
హార్ట్ – మూడ్ – పార్ట్ – రూడ్

ఇక ఎవరికీ అనుమానం ఉండదు. మొదటి స్టాంజా ఏబీఏబీ, రెండోది సీడీసీడీ. రెండో స్టాంజాకు మళ్లీ ఏబీఏబీ అని రాసేవాళ్లు ఉంటారు. కొత్త ధ్వని వస్తే కొత్త అక్షరం, పాత ధ్వని తిరిగొస్తే పాత అక్షరం అన్నది గోడ మీద రాసి పెట్టండి.

పదునైన క్లాసుకు 'ఫైర్ అండ్ ఐస్' ఇవ్వండి. 9 పాదాలకు మూడే ధ్వనులు: ఏబీఏఏబీసీబీసీబీ. 'ఐస్' ధ్వని నాలుగుసార్లు తిరిగొస్తుంది.

ప్రాస అనే మాటతో మాత్రం జాగ్రత్త. తెలుగు పద్యంలో ప్రాస అంటే పాదంలో రెండో అక్షరం. ఇంగ్లిష్ రైమ్‌కు సరిపోయేది అంత్యానుప్రాస. 'రైమ్ అంటే ప్రాస' అని తేల్చేస్తే, చదువుకునే పిల్లవాడు పాదం మొదట్లో వెతుకుతాడు. అతని తప్పు కాదు.

4. రెండో పీరియడ్: అర్థం

4.1 పాదానికి పాదం అనువదించకండి

తెలుగు పద్యానికి ప్రతిపదార్థం, తాత్పర్యం చెప్పే అలవాటుతో ఇంగ్లిష్ పోయెమ్‌కు కూడా పాదం చదివి అర్థం, పాదం చదివి అర్థం చెప్పుకుంటూ పోతాం. 'డస్ట్ ఆఫ్ స్నో'కు ఇలా చేస్తే రెండో పాదంలోనే బండి ఆగుతుంది. తెలుగు వాక్యం నడిచే దిశే వేరు. నాలుగో పాదంలోని చెట్టు ముందు రావాలి, మొదటి పాదంలోని 'వే' చివరికి వెళ్లాలి: 'హెమ్‌లాక్ చెట్టు మీంచి ఒక కాకి నా మీద మంచు పొడి రాల్చిన తీరు...' ఇంతా చెప్పినా వాక్యం ఇంకా సగమే.

అందుకని ఇలా చేయండి:

☐ పోయెమ్‌ను పాదాలు విరవకుండా వచనంలా ఒకే వరుసలో రాయించండి.
☐ అసలు క్రియ కింద గీత గీయించండి. ఇక్కడ 'హ్యాజ్ గివెన్', 'సేవ్డ్'.
☐ ఎవరు లేదా ఏది ఇచ్చింది అని అడగండి. చాలామంది 'కాకి' అంటారు. కాదు. కాకి మంచు రాల్చిన 'తీరు'.
☐ దేన్ని కాపాడింది? 'రోజును' అంటారు. పోయెమ్‌లో ఉన్నది 'సమ్ పార్ట్'. రోజులో కొంత భాగాన్నే.

చివరి రెండు ప్రశ్నలకు సరైన జవాబు వస్తే పోయెమ్ అర్థమైనట్టే. సారాంశం వాళ్లనే మూడు వాక్యాల్లో చెప్పనివ్వండి, తెలుగులో చెప్పినా సరే. ముందు అర్థం తేలాలి, ఇంగ్లిష్‌లో చెప్పడం తర్వాతి మెట్టు.

4.2 మంచు, మంచు, మంచు

ఒకే పాఠ్యపుస్తకంలో స్నో, ఐస్, ఫాగ్ మూడూ వస్తాయి. తెలుగులో మూడింటికీ మన నోట వచ్చే మాట మంచు. తెల్లవారుజామున గడ్డి మీద ఉండే చుక్కలు కూడా మంచే. దీంతో పిల్లల మనసులో మూడు పోయెమ్‌లూ ఒకే వాతావరణంలో జరుగుతాయి.

మొదటి రోజే విడగొట్టండి. స్నో అంటే ఆకాశం నుంచి పొడిలా కురిసే మంచు. ఐస్ అంటే మంచుగడ్డ, గోళీసోడా బండి మీద ఉండేది. ఫాగ్ అంటే పొగమంచు, సంక్రాంతి ముందు పొద్దున హైవే మీద లారీలు లైట్లేసుకుని నడిచేది. లంబసింగి, అరకు ఫొటోలు ఫాగ్‌కు చాలా బాగుంటాయి. స్నోకు మాత్రం పనికిరావు, కొంతమంది అవే చూపిస్తారు.

4.3 మాట్లాడేది కవి కాదు

పోయెమ్‌లోని 'నేను'ను స్పీకర్ అనడం అలవాటు చేయండి. ఊరికే సాంకేతిక పదం కోసం కాదు, పాఠం తారుమారు కాకుండా ఉండటానికి. ఫ్రాస్ట్‌దే 'ద రోడ్ నాట్ టేకెన్' చూడండి. 'ఎవరూ నడవని కష్టమైన దారి ఎంచుకుని గెలిచాడు' అని నోట్సు చెప్పేస్తుంటారు. పదో పాదంలో స్పీకరే ఒప్పుకుంటాడు, రెండు దారులూ దాదాపు ఒకేలా అరిగి ఉన్నాయని. చివర్లో, ఎప్పుడో పెద్దయ్యాక ఒక నిట్టూర్పుతో తక్కువమంది నడిచిన దారి తీసుకున్నానని చెప్పుకుంటానంటాడు. ఉన్నది ఒకటి, చెప్పుకోబోయేది ఇంకొకటి. ఆ సందులోనే పోయెమ్ ఉంది. 'నేను' అన్నదల్లా కవి మాటే అనుకుంటే ఆ సందు కనిపించదు.

5. మూడో పీరియడ్: అలంకారాలు

నియమం ఒక్కటే. ముందు ఆ పాదంలో ఏం వింతగా ఉందో పిల్లలు చెప్పాలి, తర్వాత ఆ వింత ఏం చేస్తోందో చెప్పాలి, పేరు మీరు చివర ఇవ్వాలి.

5.1 సిమిలీ

ఉపమకు నాలుగు భాగాలని పిల్లలకు తెలుసు: ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం. దాన్నే గళ్లు గీసి ఇంగ్లిష్‌కు వాడండి. ఏడ్రియన్ రిచ్ 'ద ట్రీస్'లో చంద్రుడు అద్దంలా పగిలాడు అంటుంది. చంద్రుడు ఉపమేయం, అద్దం ఉపమానం, పగలడం సమానధర్మం, 'లైక్' ఉపమావాచకం. నాలుగూ ఉన్నాయి, పూర్ణోపమ. ఏ గడి ఖాళీగా ఉన్నా ఆ ఖాళీని పాఠకుడే నింపుకోవాలి. మంచి ప్రశ్నలు అక్కడి నుంచే పుడతాయి.

'లైక్', 'యాజ్' కనబడితే చాలు సిమిలీ అని గీత గీస్తారు. మూడు వడపోతలు పెట్టండి:

☐ 'లైక్' ఇక్కడ ఇష్టపడటం అనే క్రియా?
☐ 'యాజ్' ఇక్కడ 'అప్పుడు' లేదా 'కాబట్టి' అనే అర్థంలో ఉందా?
☐ పోల్చిన రెండూ ఒకే జాతివా? 'నా బ్యాగు నీ బ్యాగు లాంటిది' పోలికే, అలంకారం కాదు. మన ఆలంకారికులు 'ఆవు లాంటిది గవయం' (ఆవును పోలిన అడవి జంతువు) అన్నది ఉపమ కాదని ఎప్పుడో తేల్చారు. ఆ ఉదాహరణ ఒక్కసారి చెబితే మర్చిపోరు.

'యాజ్ ఇఫ్', 'యాజ్ దో' వచ్చినప్పుడు తెలుగు బాగా చదివినవాళ్లు ఉత్ప్రేక్ష అంటారు. వాళ్లను మెచ్చుకోండి, కానీ ఇంగ్లిష్ పేపర్లో దాన్ని సిమిలీ కిందే రాయాలని చెప్పండి.

5.2 మెటాఫర్

'విద్యాధనం', 'సంసారసాగరం' రూపక సమాసాలని పిల్లలకు తెలుసు. 'లాగా' లేదు, రెండూ ఒకటే అనేశాం. మెటాఫర్ అదే.

'ఫాగ్' దీనికి ఇంతకన్నా మంచి పాఠం దొరకనంత మంచిది. 6 పాదాలు, 21 మాటలు, రైమ్ లేదు. పొగమంచు చిన్న పిల్లి పాదాలతో వస్తుంది, వెనక కాళ్ల మీద కూర్చుని రేవునూ ఊరునూ చూస్తుంది, తర్వాత కదిలి వెళ్లిపోతుంది. 'లైక్' ఎక్కడా లేదు. పొగమంచు పిల్లి అని కూడా ఎక్కడా తేల్చి అనలేదు. కవి పిల్లి అడుగులు, కూర్చునే తీరు ఇచ్చి మిగతాది మనకు వదిలేశాడు.

చేయించాల్సినవి:

పిల్లి మీద ఐదు విషయాలు బోర్డు మీద రాయించండి. మెత్తటి అడుగు, చప్పుడు లేకపోవడం, ఎవరి మాటా వినకపోవడం, కూర్చుని చూడటం, చెప్పకుండా వెళ్లిపోవడం లాంటివి వస్తాయి. వీటిలో పొగమంచుకు సరిపోయేవి ఏవి? ఇప్పుడు పిల్లిని తీసేసి ఏనుగును పెట్టండి. ఏం పాడైంది? కుక్కను పెట్టండి. ఆ తేడా చెప్పగలిగితే మెటాఫర్ ఏం చేస్తోందో చెప్పినట్టే.

ఈ పోయెమ్ దగ్గర పర్సనిఫికేషన్ అని రాసే జవాబులు చాలా వస్తాయి. పర్సనిఫికేషన్ అంటే మనిషి గుణం ఆపాదించడం. పిల్లి మనిషి కాదు. కచ్చితంగా చెప్పాలంటే ఇది పోయెమ్ పొడవునా సాగిన మెటాఫర్, ఎక్స్‌టెండెడ్ మెటాఫర్. 'సైలెంట్ హాంచెస్' దగ్గర ఆగి ఒక చిన్న ప్రశ్న వేయండి: మౌనంగా ఉన్నది పిల్లా, దాని వెనక కాళ్లా? పిల్లికి చెందాల్సిన విశేషణం కాళ్లకు వెళ్లింది, ట్రాన్స్‌ఫర్డ్ ఎపిథెట్.

5.3 అలిటరేషన్

అలిటరేషన్ అంటే దగ్గర దగ్గర మాటలు ఒకే ధ్వనితో మొదలవడం. ఇదీ ధ్వనికి సంబంధించిందే, అక్షరానికి కాదు. 'సిటీ', 'క్యాట్' ఇంగ్లిష్‌లో ఒకే అక్షరంతో మొదలవుతాయి, తెలుగు లిపిలో రాస్తే స, క. అలిటరేషన్ లేదు. 'ఫోన్', 'ఫైర్' స్పెల్లింగులు వేరు, ధ్వని ఒకటే. మళ్లీ తెలుగు లిపే తీర్పరి.

ఓగ్డెన్ నాష్ 'కస్టర్డ్ ద డ్రాగన్' పోయెమ్‌లో బెలిండా ధైర్యాన్ని పీపా నిండా ఎలుగుబంట్లతో పోల్చిన పాదం చూపండి. బెలిండా, బ్రేవ్, బ్యారెల్, బేర్స్: నాలుగు 'బ'లు. అదే పాదంలో సిమిలీ, అతిశయోక్తి, నవ్వు. ఒకే పాదంలో ఒకటికన్నా ఎక్కువ అలంకారాలు ఉండవచ్చని చెప్పడానికి దీన్ని మించింది లేదు.

తేడా ఒకటి గుర్తుంచుకోండి. వృత్త్యనుప్రాసలో హల్లు పదం మధ్యలో తిరిగొచ్చినా లెక్కే. స్కూలు స్థాయి అలిటరేషన్‌లో పదం మొదటి ధ్వనినే చూస్తాం.

5.4 సింబల్

పిల్లలు ఎక్కువ కష్టపడేది ఇక్కడే, గైడ్లు ఎక్కువ పాడుచేసేదీ ఇక్కడే. 'కాకి అంటే చెడు శకునం, హెమ్‌లాక్ అంటే విషపు చెట్టు' అని రెండు ముక్కలు ఇచ్చేస్తాయి.

హెమ్‌లాక్ సంగతి ముందు. పోయెమ్‌లోని హెమ్‌లాక్ ఉత్తర అమెరికాలో పెరిగే, పైన్ జాతికి చెందిన సూదాకు చెట్టు. అది విషం కాదు. సోక్రటీస్‌కు ఇచ్చిన విషం వేరే హెమ్‌లాక్‌ది. అది చెట్టు కాదు, కొత్తిమీర కుటుంబానికి చెందిన మొక్క. పేరు ఒకటే కావడంతో వినగానే విషం గుర్తొస్తుంది. జవాబులో రాయాల్సింది 'హెమ్‌లాక్ విషవృక్షం' అని కాదు, 'హెమ్‌లాక్ అన్న పేరు విషాన్ని, విచారాన్ని గుర్తుచేస్తుంది' అని. ఇలా రాస్తే నిజమూ నిలుస్తుంది, మార్కులూ పోవు.

కాకి గురించి చెప్పే ముందు పిల్లలనే అడగండి. ఇంటి ముందు కాకి అరిస్తే చుట్టాలొస్తారంటారు. తల మీద తన్నితే అరిష్టమంటారు. పితృదేవతలకు పెట్టిన పిండం కాకి ముట్టాలని ఎదురుచూస్తారు. ఒకే పక్షికి మన దగ్గరే మూడు అర్థాలు. సింబల్ అర్థం నిఘంటువులో ఉండదు, ఆ పోయెమ్‌లో దాని చుట్టూ ఉన్నదాన్ని బట్టి వస్తుందని అప్పుడు వాళ్లకే తెలుస్తుంది. అందమైన పిట్ట, పూల చెట్టు కాకుండా కాకి, హెమ్‌లాక్ ఎందుకు? మనసు మారడానికి గొప్ప కారణం అక్కర్లేదని. ఈ మాట పిల్లల నోటి నుంచి రావాలి, పది నిమిషాలు పట్టినా సరే.

'ఫైర్ అండ్ ఐస్'లో ఇంకో రకం చిక్కు. ఇందులో నిప్పు కోరికకు గుర్తు, మంచుగడ్డ ద్వేషానికి గుర్తు. తెలుగులో నిప్పు అనగానే కోపం: కోపాగ్ని, మండిపడటం, భగ్గుమనడం. ద్వేషం కూడా మనకు వేడిగానే ఉంటుంది. పగతో రగిలిపోతాం, చల్లబడటం మంచి లక్షణం. అందుకే పిల్లలు ఫైర్ అంటే కోపం అని రాసేస్తారు. 'చల్లటి ద్వేషం ఎలా ఉంటుంది?' అని అడగండి. ఏళ్ల తరబడి పలకరించుకోని ఇద్దరు అన్నదమ్ములను ఎవరో ఒకరు గుర్తుచేస్తారు. అరుపులు లేవు, కొట్లాట లేదు, పెళ్లికి పిలుపు కూడా లేదు. అదే ఐస్.

5.5 మిగిలినవి, క్లుప్తంగా

హైపర్‌బోలీ అతిశయోక్తే. అంత్యానుప్రాస ఎండ్ రైమ్. పన్‌కు దగ్గరిది శ్లేష. ఇమేజరీకి పదచిత్రం అనండి, కానీ కంటికే పరిమితం చేయకండి. చెవి, ముక్కు, నాలుక, చర్మం కూడా అడగాలి. యతిని ఇంగ్లిష్ విరామంతో కలపకండి. తెలుగులో యతి అక్షరాల మైత్రి, అక్కడ ఆగాలని లేదు.

6. నాలుగో పీరియడ్: రాయించడం

6.1 ముందు వాళ్ల సొంతం

అలంకారం వాడి చూడనివాడు గుర్తుపట్టలేడు. 15 నిమిషాలు, ఆరు పాదాలు, రైమ్ వద్దు. రైమ్ పెట్టమంటే అర్థం పక్కకు పోయి రైమ్ ఒక్కటే మిగులుతుంది.

మెట్లు ఇవి:

☐ తెలిసిన ఒక విషయం: మధ్యాహ్నపు ఎండ, కరెంటు పోవడం, ఇంటర్వెల్ బెల్లు, పరీక్ష ముందు రాత్రి.
☐ దానికి ఒక జంతువు. పేరు రాయకూడదు, శరీర భాగాలు, కదలికలే రాయాలి.
☐ మూడు క్రియలు: ఎలా వస్తుంది, వచ్చి ఏం చేస్తుంది, ఎలా పోతుంది.
☐ 'లైక్', 'యాజ్' నిషేధం.
☐ పక్కవాడు చదివి జంతువేదో చెప్పాలి. చెప్పలేకపోతే వివరం చాలలేదని అర్థం, ఒక పాదం మార్చాలి.

ఇంగ్లిష్ రాక ఆగిపోయేవాళ్లు తెలుగులో రాసి, క్రియలు మాత్రం ఇంగ్లిష్‌లోకి మార్చమనండి. అక్కడి నుంచి వాక్యం కట్టడం మీ సాయంతో సాగుతుంది.

6.2 తర్వాత జవాబు

సీబీఎస్‌ఈ పదో తరగతి పేపర్లో పోయెమ్ నుంచి ఇచ్చే ఎక్‌స్ట్రాక్ట్‌కు 5 మార్కులు, 40–50 మాటల చిన్న జవాబుకు 3 మార్కులు. చిన్న జవాబులో అలంకారం గురించి రాయాలంటే మూడు ముక్కలు కావాలి: పేరు, ఆధారం, పని.

పేరు: శాండ్‌బర్గ్ ఎక్స్‌టెండెడ్ మెటాఫర్ వాడాడు.
ఆధారం: పొగమంచుకు 'లిటిల్ క్యాట్ ఫీట్', 'సైలెంట్ హాంచెస్' ఇచ్చాడు.
పని: పొగమంచు చప్పుడు లేకుండా రావడం, కాసేపు నిలవడం, తనంతట తానే పోవడం కళ్లకు కడుతుంది.

స్లిప్ టెస్టులో ముక్కకు ఒక మార్కు చొప్పున మూడు వేయండి. మొదటి వారం చాలామందికి రెండే వస్తాయి, పోయేది మూడో ముక్క. దాని స్థానంలో 'ఇది పోయెమ్‌కు అందం తెస్తుంది' అని రాసి ఉంటుంది. ఆ వాక్యాన్ని క్లాసులో నిషేధించండి. ఏ పోయెమ్‌కైనా సరిపోయే వాక్యం ఏ పోయెమ్ గురించీ చెప్పదు.

7. తరచూ జరిగే పొరపాట్లు, సరిచేసే తీరు

పిల్లలు మౌనంగా కూర్చుంటున్నారు. మీ ప్రశ్న పెద్దది. 'ఈ పోయెమ్ నుంచి ఏం నేర్చుకున్నారు?' అని కాకుండా 'మూడో పాదంలో ఏ మాట తీసేస్తే ఎక్కువ నష్టం?' అని అడగండి. అడిగాక పది అంకెలు లోలోపల లెక్కపెట్టి ఆగండి. మూడు అంకెలకే మనమే జవాబు చెప్పేస్తుంటాం.

ముందు బెంచీలవాళ్లే చెబుతున్నారు. ముందు అందరూ నోట్సులో ఒక్క మాట రాయాలి, తర్వాతే చేతులెత్తాలి.

అన్ని పాదాల్లోనూ అలంకారాలు కనిపిస్తున్నాయి. పేర్లు ముందు చెప్పిన క్లాసుల్లో వచ్చే జబ్బు ఇది. ఒక వారం పేర్లు ఆపేయండి. 'ఇక్కడ మామూలుగా ఏమనేవాళ్లం?' అన్న ప్రశ్న ఒక్కటే వేయండి. మామూలు మాటకూ పోయెమ్‌లో మాటకూ తేడా లేకపోతే అక్కడ అలంకారం లేదు.

గైడు జవాబే అందరూ రాస్తున్నారు. ప్రశ్న మార్చండి. గైడులో ఉండని ప్రశ్న: 'కాకి బదులు కోయిల ఉంటే పోయెమ్ ఏమవుతుంది?' దీనికి కంఠస్థం పనికిరాదు.

రాగం తీసి చదువుతున్నారు. నర్సరీ రైమ్ అలవాటు. ఒకసారి ఫోన్లో ఎవరికో చెబుతున్నట్టు చదవమనండి. ఊనిక దానంతటదే సరైన చోటికి వస్తుంది.

రెండు అర్థాలు చెప్పారు, రెండూ బాగానే ఉన్నాయి. రెండింటికీ పోయెమ్‌లోంచి మాట చూపించమనండి. చూపించగలిగితే రెండూ ఒప్పే. చూపించలేనిది ఎంత తెలివిగా ఉన్నా తప్పే. టీచరు చెప్పిన అర్థానికి కూడా ఇదే నియమం.

8. బోర్డు పక్కన అతికించే పట్టిక

టీచరుకు:
☐ పుస్తకాలు మూసి ఒకసారి వినిపించానా?
☐ వాక్యానికి క్రియ ఎక్కడుందో వాళ్లే కనిపెట్టారా?
☐ మోసం చేసే మాటలు పక్కన పెట్టి చూపించానా?
☐ అలంకారాలు రెండుకు మించకుండా ఆపానా?
☐ పేరుకు ముందు పని చెప్పించానా?

పిల్లలకు, పేపరు ఇచ్చే ముందు:
☐ పోయెమ్ పేరు, కవి పేరు స్పెల్లింగు సరిగ్గా రాశానా?
☐ 'కవి' అన్న చోట 'స్పీకర్' అనాలా?
☐ పోయెమ్‌లోని మాటలను కోట్‌లలో పెట్టానా?
☐ పేరు, ఆధారం, పని మూడూ ఉన్నాయా?
☐ నా చివరి వాక్యం ఇంకో పోయెమ్‌కు కూడా సరిపోతుందా? సరిపోతే కొట్టేసి మళ్లీ రాయాలి.